రెండో బంతి

మా ఆవిడ కుడిచెయ్యి ఎప్పుడూ శాలువా లోపలే ఉంటుంది. ఎండ కాసినా, ఉక్కపోసినా ఆ శాలువా దిగదు. మా సెలవులు గడిచిన కొండ ఊళ్ళో మాత్రం అందరూ ఏదో ఒకటి కప్పుకునే తిరుగుతున్నారు కాబట్టి ఎవరూ ఆమె వంక తేరిపార చూడలేదు. సముద్రం వద్దు, కొండకే వెళ్దామని ఆమె ఎందుకు పట్టుబట్టిందో అక్కడికి వెళ్ళాక గానీ నాకు తట్టలేదు.

కిందటేడు ఆమె మెదడులో ఒక చిన్న రక్తనాళం పూడుకుపోయింది. నడక తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, దాంతోపాటు వెటకారమూ వచ్చింది. కుడిచేతికి కదలిక కూడా చాలావరకు వచ్చింది. రానిది స్పర్శ ఒక్కటే. మణికట్టు కింద ఏం తగిలినా ఆమెకి తెలియదు. చెంచా పట్టుకుంటే, పట్టుకున్నానని కళ్ళతో చూసి తెలుసుకోవాలి. చూపు పక్కకి మళ్ళిందంటే చెంచా కింద ఉంటుంది. "చెయ్యి మీంచి చూపు తీయకండి" అన్నాడు డాక్టరు. ఆమె తీయడం లేదు. గ్లాసెత్తినా, తలుపు గడియ తీసినా, పాలగిన్నె మీద కన్నేసి నిలబడ్డ మనిషిలా తన చేతినే చూసుకుంటూ ఉంటుంది.

ఇది ఎవరికి జరిగినా బాధే. ఈమెకి జరగడంలో ఒక అన్యాయం ఉంది. ఆమె పెద్దాసుపత్రి లాబ్‌లో రక్తం తీసేది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరికేది. కొత్తగా చేరినవాళ్ళు దీపం కింద చెయ్యి పెట్టి వెతుకుతుంటే, "కళ్ళతో కాదమ్మా, కళ్ళు మూసుకుని వేలితో వెతుకు" అనేది. సూది గుచ్చేముందు మాటల్లో పెట్టేది. పొద్దున ఏం తిన్నావు, మీ క్లాసులో అల్లరెవరు, ఆ చొక్కా ఎక్కడ కుట్టించారు. వాళ్ళు జవాబు వెతుక్కునేలోపు పని అయిపోయేది. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అని ఆమె చెప్పే అబద్ధాన్ని ఊళ్ళో సగంమంది నమ్మారు. వాళ్ళందరికీ ఆమె సిస్టరమ్మ. నేను కూడా ఆమెని ఆటపట్టించాలంటే అలాగే పిలుస్తాను.

ఇక శాలువా సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఇద్దరం సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాం. ఆమె కుడిచెయ్యి నా పక్కన ఉంది. నా చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాం. వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టాను, కొద్దిగా నొక్కాను. అటునుంచి ఏమీ లేదు. ఎవరూ లేని ఇంట్లో ఫోను మోగుతున్నట్టు ఉంది. అప్పుడామె ఎందుకో తల తిప్పి చూసింది.

"ఎప్పుడు పట్టుకున్నారు?"

"ఇందాకే."

"నాకు తెలీలేదు."

మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుంది. మర్నాటి నుంచి శాలువా. నేను కుడిపక్కన కూర్చుంటే లేచి అటువైపు మారేది. ఒకసారి మాత్రం అంది, "తెలియని చేతిని పట్టుకుంటే ఎంత, పట్టుకోకపోతే ఎంత." ఏడాదిపాటు నేను కోరుకున్నది చాలా చిన్నది. ఆ చెయ్యి ఒక్కసారి నా చేతిలోకి రావాలి. అది ఆమె కోసం కోరుకున్నానా, నా కోసమా అని నన్ను నేను అడిగినప్పుడల్లా వేరే పని గుర్తుకొచ్చేది.

సెలవుల మధ్యలో వాన పట్టుకుంది. లాడ్జి నడిపే పెద్దావిడ మా మొహాలు చూసి జాలిపడింది.

"ఈ వానలో కొండ అంచుకెళ్ళి ఏం చూస్తారు, మబ్బుల్నా? గడియారాల కొట్టు మేడమీద సాయంత్రం మ్యాజిక్కు ఉంది, పోండి. స్టేజీలూ అవీ ఉండవు. ఒక బల్ల, చుట్టూ కొన్ని కుర్చీలు. ఆయన తన చేతుల్లో కన్నా మీ చేతుల్లోనే ఎక్కువ చేస్తాడు."

"మా చేతుల్లోనా?" అన్నాను, మా ఆవిడ వైపు చూడకుండా.

"వెళ్దాం" అంది మా ఆవిడ. నేను ఆశ్చర్యపోవడం చూసి, "చూడ్డానికేగా టిక్కెట్టు. చెయ్యి ఇచ్చి తీరాలని రూలేం లేదుగా" అంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. గడియారాల కొట్టు మెట్ల కింద ఆమె గొడుగు దులుపుతుంటే, నేను గబగబా ముందు పైకెక్కాను. మెజీషియన్ ఒక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కోటూ టోపీ లేవు. మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెటరు, లావుపాటి కళ్ళద్దాలు. బల్లమీది గుడ్డ ముడతలు అరచేత్తో సాపు చేస్తున్నాడు.

"మా ఆవిడకి కుడిచేతిలో స్పర్శ లేదండీ" అన్నాను గొంతు తగ్గించి. "దయచేసి ఆవిడని పిలవకండి. ఇబ్బందిపడుతుంది."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "అలాగేనండీ" అన్నాడు.

దారిలో ఉన్న రాయిని పక్కకి జరిపినవాడిలా తృప్తిపడ్డాను. నాకు కళ్ళద్దాల కొట్టు ఉంది. రోజంతా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడమే నా బతుకు. మా ఆవిడని అడగాలని మాత్రం నాకు తోచలేదు.

గది చిన్నది. గోడల నిండా ఒకప్పుడు గడియారాలు వేలాడిన మేకులు. నడుమ గుండ్రటి బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డకి ఒకవైపు ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. ఏ రెండు కుర్చీలకీ పొంతన లేదు. ఎప్పుడు ఏం జరిగినా ముందు నవ్వేద్దామని నిర్ణయించుకొచ్చిన ఇద్దరు రిటైరైన టీచర్లు, గొడుగుని ఒళ్ళోంచి దింపనని భీష్మించుకున్న ఒకాయన, ఒక కొత్త జంట, చివర మేమిద్దరం. దీపం బల్లకి దగ్గరగా కిందికి దించి ఉంది. మొహాల కంటే చేతులే బాగా కనబడుతున్నాయి. నేనది ముందే గమనించి ఉంటే వచ్చేవాణ్ణి కాదు.

ఆయన చేసేవి చిన్న చిన్నవే. గొడుగాయన చొక్కా గుండీ ఆయన కాలరు వెనక దొరికింది. కొత్త పెళ్ళికూతురు మనసులో అనుకున్న పేకముక్క పెద్ద టీచరు అరచేతి కింద తేలింది. "నేను ముట్టుకోలేదు, చూశారుగా, అంతా మీరే చేస్తున్నారు" అని మాటిమాటికీ అంటాడు. ఆ అబద్ధం ఎంత మర్యాదగా చెబుతాడంటే, నిజంగా మనమే ఏదో ఘనకార్యం చేశామనిపిస్తుంది.

"మీ ఆయన్ని మాయం చెయ్యమంటారా?" అని పెళ్ళికూతుర్ని అడిగాడు.

"అప్పుడే వద్దండీ" అంది ఆ పిల్ల.

"మా ఆయన్ని చేసి చూపించండి" అంది మా ఆవిడ. "ఇంట్లో ఉన్నా కనబడరు, మీకు శ్రమ తక్కువ."

టీచర్లిద్దరూ ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పదిమందిలో జోకు వేసి చాలా కాలమైంది.

తర్వాత ఎర్ర స్పాంజి బంతులు బయటికి తీశాడు. ఉసిరికాయంత ఉంటాయి, మెత్తగా. ఒకటి మన అరచేతిలో పెట్టి గుప్పిట మూయిస్తాడు. ఇంకొకటి తన గుప్పిట్లో పెట్టుకుని ఊదుతాడు. "మీ దగ్గర ఎన్ని?" అంటాడు. ఒకటే అంటాం, తగులుతున్నది ఒకటే కాబట్టి. గుప్పిట తెరిస్తే రెండు ఎగిరి పడతాయి. టీచర్లతో మొదలుపెట్టి, గొడుగాయన, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వరసగా అందరి చేతుల్లోనూ చేసుకుంటూ వచ్చాడు. నా దాకా వచ్చాడు. నా గుప్పిట్లోంచి కూడా రెండు దూకాయి. చిన్నపిల్లాడిలా నోరు తెరిచాను.

"ఇక ఇప్పుడు," అంటూ ఆయన బంతులు ఏరుకోబోయాడు.

"నన్ను వదిలేశారు."

మా ఆవిడ గొంతు అది. లాబ్‌లో వరస తప్పి వచ్చినవాళ్ళని ఆపే గొంతు. గట్టిగా ఉండదు, కానీ మనుషులు ఆగుతారు.

మెజీషియన్ చెయ్యి బంతుల మీద ఆగిపోయింది. ఆమె ఆయన వైపు చూడటం లేదు. నన్ను చూస్తోంది. నేను గుడ్డమీది కాలిన మచ్చని చూస్తున్నాను.

"చెప్పొచ్చారన్నమాట" అంది. "అందుకేనా మెట్లు రెండేసి ఎక్కారు?"

"నీకు ఇబ్బందని..."

"ఊరందరినీ ఏది బాగుందని అడుగుతారు కదండీ. నన్నొక్కమాట అడగలేకపోయారా?"

గొడుగాయన గొడుగుని సర్దుకున్నాడు. టీచర్లు మొదటిసారి నవ్వడం మానేశారు. శాలువా కదిలింది. కుడిచెయ్యి బయటికొచ్చి, ఆమె చూపు వెంట మెల్లగా బల్ల మీదికి నడిచి, దీపం కింద వెల్లకిలా ఆగింది. ఏడాదిగా ఎండ ఎరగని అరచెయ్యి. పాలిపోయి ఉంది.

"దీంట్లో ఏం పెట్టినా దీనికి తెలీదు" అని మెజీషియన్‌తో అంది. "అయినా చెయ్యండి."

ఆయన కళ్ళద్దాలు తీసి స్వెటరుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అయితే కష్టం నాదేనమ్మా. నా విద్యంతా చేతిని నమ్మించడంలోనే ఉంది. నమ్మని చెయ్యి ఎదురవడం ఇదే మొదలు."

ఎర్ర బంతి ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాడు. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే ముడిచాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. నాకు పక్కటెముకల కింద ఏదో చురుక్కుమంది. అది అసూయ అని గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడాదిగా నాకు దొరకని చెయ్యి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి దొరికింది. ఆయన ఏమంత జాగ్రత్తగా కూడా పట్టుకోలేదు, అందరి చేతుల్నీ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

"ఇప్పుడందరూ ఇటు చూడండి" అని ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తాడు. అందరం అటు చూశాం. ఒక్క మా ఆవిడ చూడలేదు. చూడలేదని నాకెలా తెలుసంటే, ఆయన మాట తడబడింది. సాయంత్రమంతా నూనె రాసినట్టు జారిన మాట ఒక్కచోట తట్టుకుంది. నేను తల తిప్పాను. ఆమె తన గుప్పిటనే చూసుకుంటోంది, పాలగిన్నెని చూసినట్టు. బంతి పెట్టినప్పటి నుంచీ చూపు కదిపి ఉండదు. ఆ కళ్ళలో ఒక చిన్న మార్పు వచ్చింది. నరం దొరికినప్పుడు వచ్చేది.

ఆమె చూసేసింది. ఆయనకి తెలిసిపోయింది. మిగతావాళ్ళకి ఏమీ తెలియదు.

"చెప్పండమ్మా" అన్నాడాయన. గొంతులో ధీమా తగ్గింది. "గుప్పిట్లో ఎన్ని?"

నా భయం వేరు. ఆమె "తెలీదు" అంటుందని భయం. ఆ మాట సోఫాలో ఒకసారి విన్నాను, దీపం కింద ఇంతమంది మధ్య మళ్ళీ వినలేను. అలా అంటే ఆ చెయ్యి శాలువాలోకి పోతుంది, ఇక రాదు.

ఆమె తలెత్తింది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది. టీచర్లు, పెళ్ళికూతురు ముందుకి వంగి ఎదురుచూస్తున్నారు.

"ఒకటే" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే అని చెప్పే గొంతు.

మళ్ళీ చెయ్యి వైపు చూసి, ఒక్కో వేలూ విప్పింది. రెండు బంతులు. పెళ్ళికూతురు చప్పట్లు కొట్టింది. పెద్ద టీచరు "అయ్యబాబోయ్, తెలియని చేతిలోకి కూడా వచ్చేసిందే" అంది. గొడుగాయన గొడుగు కింద పడిపోయింది. మా ఆవిడ వాళ్ళందరినీ చూసి నవ్వడం మొదలుపెట్టింది. బంతుల్ని చూసి కాదు, వాళ్ళ ఆనందం చూసి. ఆ నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. అంతసేపూ కుడిచెయ్యి బల్లమీదే, దీపం కింద, అందరికీ కనబడుతూ ఉంది.

అందరూ దిగిపోయాక ఆయన మమ్మల్ని ఆగమన్నట్టు చూశాడు.

"మీరు చూశారు" అన్నాడు.

"చూశాను. వేళ్ళ సందులోంచి రెండోది కనబడింది. పెట్టినప్పుడే రెండున్నాయి."

"మరి చెప్పలేదే?"

"చెబితే వాళ్ళకేం మిగులుతుందండీ? నేను రక్తం తీసేదాన్ని. సూది ఎప్పుడు దిగుతుందో చెప్పి ఎవరికీ గుచ్చలేదు."

ఆయన గట్టిగా నవ్వాడు. "అయితే మనది ఒకే డిపార్టుమెంటు. ఇన్నేళ్ళలో ఎంత చెయ్యి ఊపినా చూపు తిప్పని మనిషిని మిమ్మల్నే చూశాను. పిల్లలు కూడా ఎక్కడో ఒకచోట తిప్పుతారు. గుండె ఆగినంత పనైందనుకోండి."

"మిమ్మల్ని పట్టుకుందామని కాదండీ. నా చెయ్యి నేను చూసుకోకపోతే జారిపోతుంది. అందుకని."

ఆయన ఆ రెండు బంతులూ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఈసారి దాచకుండా, రెండూ కనబడేలా. "ఇవి మీ దగ్గర ఉంచుకోండి. ఇవాళ ఆట నిలబెట్టింది మీరే." తర్వాత నా వైపు తిరిగి, "మీకిచ్చిన మాట నిలబెట్టలేకపోయాను, ఏమనుకోకండి సార్" అన్నాడు.

నేను చెప్పాల్సింది చాలా ఉంది. శాలువా రాకముందు ఆమె చేతిని నేను పట్టుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న పెట్టాను. తెలుస్తోందా? ఇప్పుడు? ఇప్పుడు? కొట్లో అద్దాలు మార్చినట్టే. ప్రతిసారీ ఆమె తప్పింది, తప్పుతానని తెలిసి చెయ్యి దాచుకుంది. ఈయన ఆ చేతిని తెలుస్తోందా అని అడగలేదు. దానికొక పని ఇచ్చాడు. ఇదంతా కలిపి ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. నోటికొచ్చింది మాత్రం, "చాలా బాగుందండీ" అని. హోటల్లో భోజనం చేసి లేచినట్టు.

"ఆయనకి అంతకన్నా రాదు లెండి" అంది మా ఆవిడ. "లోపల చాలా ఉంటుంది. నన్ను నమ్మండి."

బయట వాన తగ్గి తుంపర పడుతోంది. వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. లాడ్జి వైపు నడిచాం.

"నిన్ను అడగాల్సింది" అన్నాను.

"అడగాల్సింది."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఆ కోపం రాకపోతే చెయ్యి బయటికొచ్చేది కాదు. కాబట్టి సగం మార్కులు వేస్తున్నాను."

"మిగతా సగానికి ఏం చెయ్యాలి సిస్టరమ్మా?"

మూసేసిన బేకరీ ముందు, రేకుల పంచ కింద ఆగింది. అక్కడ వెలుతురు బాగుంది. "చెయ్యి పట్టండి" అంది.

చెయ్యి చాచాను. ఆమె శాలువాలోంచి కుడిచెయ్యి తీసింది. తడిగా, చల్లగా, వేళ్ళు నా అరచేతిని తాకాయి. చాలా శ్రద్ధగా, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, మెజీషియన్ ఇచ్చిన బంతిని అదిమి నా గుప్పిట మూసింది.

"ఆ ఎదురు బోర్డు మీద చిన్నక్షరాలు చదవండి. కళ్ళద్దాల ఆయన కదా."

"'ఇచ్చట గొళ్ళేలు, తాళాలు బాగుచేయబడును.'"

"ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే" అన్నాను.

"తెరవండి మరి."

తెరిచాను. ఒకటే ఉంది. ఇద్దరం దానివైపే చూస్తూ ఉండిపోయాం. తర్వాత ఆమె కింద చూసింది. రెండోది మెట్టు మీంచి దొర్లి, వాననీళ్ళలో ఎర్రగా తేలుతోంది.

"అయ్యో" అంది. "మీరు మోసపోతున్నారా లేదా అని మీ మొహం చూశాను. ఒక్క క్షణం."

నేను నవ్వుతూ వంగి ఆ బంతిని తీశాను. పిండి, జేబులో వేసుకున్నాను. ఈ ఏడాదిలో ఆమె చెయ్యి పనిలో ఉండగా దాని మీంచి చూపు తీసి నన్ను చూసిన మొదటి క్షణం అది. దాని ఖరీదు ఒక తడిసిన స్పాంజి బంతి. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక, మూసేసిన బేకరీ తలుపుకేసి చూస్తూ నిలబడ్డాను.

తేరుకునేసరికి నా ఖాళీ చేతిలో ఆమె కుడిచెయ్యి ఉంది. నేను పట్టుకున్నానో, ఆమె పెట్టిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"ఉండండి, చూడనివ్వండి." చూసింది. కాసేపు చూసింది. "సరే, పదండి."

లాడ్జి దాకా ఆ రోడ్డు మీద దీపాలు దూరందూరంగా ఉన్నాయి. దీపం కిందికి రాగానే ఆమె తల దించి మా చేతుల్ని చూసేది, మళ్ళీ దారి చూసేది. దీపానికీ దీపానికీ మధ్య చీకటిలో ఆమెకి చెయ్యి కనబడదు.

"ఉందా?" అని మొదటి చీకట్లో అడిగింది.

"ఉంది."

రెండో చీకట్లో ఆమె అడిగేలోపే నేను "ఉంది" అన్నాను.

"అడక్కుండానే చెబుతున్నారే" అంది.

"అడగడం ఇకనుంచి నా పని కదా. రేపు ఎక్కడికెళ్దాం?"

ఆమె ఆలోచించింది. మూడో దీపం వచ్చింది, చేతుల్ని చూసుకుంది.

"వాన తగ్గితే కొండ అంచుకి" అంది. "శాలువా లాడ్జిలో వదిలేసొస్తాను, ఊరికే బరువు."